పసుపు కోటావిడ

సోమవారం

ప్రియమైన నెస్సక్కా,

లేదు, నేను ఏడవలేదు. కోర్టులో పైన, చూడ్డానికొచ్చినవాళ్ళ వరుసల్లో కూర్చున్నప్పుడు ముఖం తుడుచుకున్నది చెమటకి. హీటర్ సరిగ్గా నా కాళ్ళ కిందే ఉంది. నువ్వు ముద్దాయిల అద్దాల గదిలోంచి ఒకసారి పైకి చూశావు. చెయ్యి ఊపుదామనుకున్నా. పక్కన అంతమంది ఉన్నారు కదా, లేవలేదు. నా సంగతి నీకు తెలుసుగా.

ఇలా ఫోన్లో కొట్టి పంపితే జైలువాళ్ళు కాగితం మీద తీసి నీ తలుపు కిందనుంచి తోస్తారని అమ్మ చెప్పింది. ఇంకో ఖాళీ కాగితం కూడా ఇస్తారట. నువ్వు రాస్తే దాన్ని ఫోటో తీసి నాకు పంపుతారట. నాకిదే నయం. నోటికంటే బొటనవేళ్ళే బాగా మాట్లాడతాయి నాకు. తప్పులుంటే నవ్వకు, బడి సగంలో మానేసినవాణ్ణి.

నాకు అర్థం కానిది ఒకటుంది. నువ్వూ ఆ నలుగురూ బాంబుల సామాన్లు చేసే ఫ్యాక్టరీ గేటు ముందు రోడ్డు మీద కూర్చున్నారు. కూర్చున్నామనే చెప్తున్నారు. మరి ఎందుకు కూర్చున్నారో చెప్పకూడదంటాడేంటి ఆ జడ్జి? నువ్వు "ఆ బాంబులు పడినచోట" అన్నావో లేదో, జ్యూరీలో ఉన్న పన్నెండుమందినీ లేపి బయటికి పంపేశాడు. సినిమా మధ్యలో లేపితే ఎలా చూస్తారో అలా వెనక్కి చూసుకుంటూ వెళ్ళారు. ఇంకోసారి ఆ మాటెత్తితే దానికి వేరే శిక్ష పడుతుందన్నాడని అమ్మ చెప్పింది. బడిలో నేనేం వెధవపని చేసినా ముందు ఎందుకు చేశావనే అడిగేవాళ్ళు. సమాధానం చెప్పలేక చచ్చేవాణ్ణి. నీ దగ్గర సమాధానం ఉంటే వినేవాళ్ళు లేరు.

అమ్మ బిస్కెట్ల ఫ్యాక్టరీకి వెళ్ళింది. నీ మంచం మీద బట్టలు నేను ముట్టుకోలేదు.

నీ తమ్ముడు,
విల్ఫ్

*

మంగళవారం

విల్ఫ్ బంగారూ,

నీ చెమట సంగతి నమ్మానులే.

ఇక్కడ నా గదిలో ఇంకొకామె ఉంది. నువ్వేం చేశావని అడిగింది. రోడ్డు మీద కూర్చున్నానన్నాను. "కూర్చుని?" అంది. ఇంకేం లేదంటే నమ్మలేదు, దాస్తున్నాననుకుంది. ఆ పన్నెండుమందీ కూడా అలాగే అనుకుంటూ ఉంటారు. పొద్దుపోక లారీలకడ్డంగా కూర్చుందనుకుంటారు.

నర్సరీలో నాలుగేళ్ళ పిల్లలకి చెప్పేదాన్ని, మాటలతో చెప్పండి, చేతులతో కాదు అని. ఇప్పుడు నా దగ్గర ఒక్క మాట ఉంది. ఒకే ఒక్క వాక్యం. దాన్ని ఎనిమిది నెలలుగా నోట్లో పెట్టుకుని కూర్చున్నాను. నిన్న సగం బయటికొచ్చేసరికి గది ఖాళీ అయిపోయింది.

ఇక నావల్ల కాదు, విల్ఫ్. శుక్రవారం నేరం ఒప్పేసుకుంటాను. తప్పు చేశానని, సిగ్గుపడుతున్నానని ఒక కాగితం రాసి సంతకం పెడితే శిక్ష తగ్గొచ్చంటున్నారు. సిగ్గుపడటం లేదు. అయినా రాస్తాను. అమ్మకి ఇప్పుడే చెప్పకు.

నిన్ను తలుచుకుంటూ,
నెస్

*

బుధవారం

నెస్సక్కా, నా మంచి నెస్సక్కా,

ఒప్పుకోకు. ముందు ఇది చదువు.

ఓల్డ్‌రాయిడ్ మామ్మగారు గుర్తుందిగా, మన బడి ముందు పిల్లల్ని రోడ్డు దాటించే ఆవిడ. ఈ వారమంతా పొద్దున్నే వచ్చి కోర్టు మెట్ల పక్కన నిలబడుతోంది. అట్టముక్క మీద చేత్తో రాసుకొచ్చింది, "జ్యూరీలో ఉన్నవాళ్ళు తమ మనస్సాక్షి చెప్పినట్టు తీర్పు ఇవ్వవచ్చు" అని. ఎవరినీ ఆపదు, పలకరించదు. నేను టీ ఫ్లాస్కు పట్టుకుని పక్కన నిలబడుతున్నా, అంతే. ఇవాళ ఒక పోలీసాయన వచ్చి ఏంటమ్మా ఇది అన్నాడు. మామ్మగారు ఆయన బూట్లవంక చూసి, "ఇరవై రెండేళ్ళు నడిరోడ్డు మీద బోర్డు పట్టుకుని బస్సులాపాను నాయనా, అప్పుడు జీతమిచ్చారు. నీ లేసులు కూడా నేనే కట్టుంటాను ఎప్పుడో" అంది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. పేరు రాసుకుని వెళ్ళిపోయాడు.

అసలు సంగతి ఇది కాదు. జ్యూరీలో రెండో వరుస చివర పసుపు కోటావిడ ఉంది చూడు. ఇవాళ లోపలికి వెళ్తూ ఆగింది. అట్ట మీద ఉన్నది మొత్తం చదివింది. మామ్మగారిని చూసి తల ఊపింది. కళ్ళు తుడుచుకుంది. వెనక వస్తున్న ఇంకో ఇద్దరికి కూడా చూపించింది. పన్నెండుమందిలో ముగ్గురు కాదంటే చాలు, శిక్ష వెయ్యలేరని మీ లాయరే అందట కదా. ముగ్గురున్నారు, అక్కా. నువ్వు చెప్పకపోయినా వాళ్ళకి తెలిసింది.

శుక్రవారం ఆ కాగితం రాయకు. ఒట్టు.

నీ విల్ఫ్

*

శుక్రవారం

నా విల్ఫ్,

రాయలేదు. ఒప్పుకోలేదు. ఇవాళ జడ్జి ముందు నిలబడి, నేను నేరం చెయ్యలేదనే అన్నాను.

నీ కాగితం ఎన్నిసార్లు చదివానో, మడతల దగ్గర చిరుగుతోంది. గదిలో ఉన్నామెకి కూడా చదివి వినిపించాను. చెప్పానా నీకు, నిన్న నాలుగు నెలల తర్వాత మొదటిసారి పళ్ళెం ఖాళీ చేశాను, చల్లారిన బంగాళదుంపలతో సహా. ఇవాళ కోర్టులో పసుపు కోటావిడవైపు చూడకూడదనుకుంటూనే చూశాను. ముఖంలో ఏమీ కనిపించనివ్వలేదు. ఎంత గట్టి మనిషో.

ఒక్క మాట. ఇకమీదట ఆవిడ గురించి, మామ్మగారి గురించి ఇందులో రాయకు. ఎందుకో తర్వాత చెప్తాను. వాతావరణం రాయి. ఫుట్‌బాల్ రాయి.

ప్రేమతో, కడుపునిండా తిన్న
నెస్

*

సోమవారం

అక్కా,

ఏం జరిగిందో నాకు తెలీడంలేదు. నిన్ను కిందికి తీసుకెళ్ళాక మమ్మల్నందరినీ బయటికి పంపేశారు. జ్యూరీని రద్దు చేశారట. ఎవరో వాళ్ళని తిప్పుకోవాలని చూశారట. మామ్మగారిని మెట్ల దగ్గరే పట్టుకున్నారు. అట్టముక్క కూడా తీసుకుని సంచిలో వేసి సీలు వేశారు. ఆవిడ వ్యాను ఎక్కలేకపోతే ఇద్దరు చేతులు పట్టి ఎక్కించారు. నేను ఫ్లాస్కు పట్టుకుని నిలబడ్డా. అరవలేకపోయా.

మామ్మగారి సంగతి ఎవరో వెళ్ళి చెప్పారు, అక్కా. మన పక్కింటాయనే అంటోంది అమ్మ. ఆయన కాదు అంటావా?

విల్ఫ్

*

గురువారం

విల్ఫ్,

పక్కింటాయన కాదు. ఎవరూ కాదు. నువ్వు రాసేవి నాకివ్వకముందు ఇక్కడి ఆఫీసులో ఒకరు చదువుతారు. నాకు తెలుసు. నీకు మొదటిరోజే చెప్పాల్సింది. నీ మాటలు నీ మాటల్లా రావాలని ఆశపడి చెప్పలేదు. తప్పు నాది, నీది కాదు. ఈ రెండు ముక్కలు రోజుకోసారి చదువుకో.

లాయర్ వచ్చింది. ఇంకోసారి విచారణ ఉంటుందట, వచ్చే ఏడు. ఈసారి జ్యూరీ లేదు, జడ్జి ఒక్కడే. అప్పటిదాకా నేనిక్కడే. మామ్మగారి మీద కోర్టు ధిక్కారం కేసు. పసుపు కోటావిడని కూడా పిలిపించి అడుగుతున్నారట. అట్టముక్క చూడనేలేదని ఏడ్చిందట. పాపం, భయపడి ఉంటుంది. నాకు కోపం లేదు.

ఒక్కటి చెప్తాను, విను. ఇదంతా పోయినా, ఒకావిడ ఆగి, చదివి, తల ఊపింది. ఎవరికీ వినపడలేదనుకున్నది ఒకరికి వినపడింది. వచ్చే ఏడుదాకా నేను దానిమీదే బతకగలను.

నీ అక్క,
నెస్

*

మూడు వారాల తర్వాత, శనివారం

ప్రియమైన నెస్సక్కా,

ఇన్నాళ్ళూ కొట్టడం, తీసేయడం. ఇవాళ తియ్యను.

ఆవిడ తల ఊపలేదు.

ఆ బుధవారం వాన పడుతోంది. పసుపు కోటావిడ గొడుగు ముందుకి వంచుకుని, ఒక చేత్తో పఫ్ తింటూ, నా కాలు తొక్కబోయి పక్కకి జరిగి లోపలికి వెళ్ళిపోయింది. అట్టవైపు చూడలేదు. గొడుగు అడ్డం, చూడాలన్నా కనపడదు. ఇంకో ఇద్దరు లేనేలేరు. నువ్వు ఒప్పుకుంటానన్నావని, ఇంటికెళ్ళే బస్సులో కూర్చుని నేనే అల్లాను. కళ్ళు తుడుచుకుంది అన్నది చివర్లో కలిపాను. బాగుందనిపించింది.

పోలీస్ స్టేషన్‌కి వెళ్ళాను. కౌంటర్ దగ్గర నోరు రాలేదు, ఫోన్లో కొట్టి చూపించాను. అక్కడున్నాయన చదివి, "ఇప్పుడు చెప్పేది అబద్ధమా, అప్పుడు రాసింది అబద్ధమా?" అన్నాడు. అప్పటిదని అన్నాను. తను మెల్లగానే అన్నాడు, కోపంగా కాదు. "అది రాసేటప్పుడు ఎవరైనా చదువుతారని నీకు తెలీదు. ఇది అందరూ చదవాలని రాస్తున్నావు. ఏది నమ్మమంటావు?" బడిలోలాగే నిలబడ్డా.

మామ్మగారిని కలిశాను. ఇంటికి పంపారు కానీ కోర్టు దరిదాపుల్లోకి రాకూడదట. అంతా చెప్పాను. తిట్టలేదు. కేక్ ముక్క కోసి పెట్టి, నా చేతిలో ఉందా లేదా అని చూసుకుని, అవతలికెళ్ళి కుళాయి తిప్పుకుని చాలాసేపు గిన్నెలు కడిగింది. అక్కడ గిన్నెలేం లేవు.

నువ్వు దానిమీద బతుకుతానన్నావు. దాన్ని కూడా తీసేసుకుంటున్నాను. ఆ పసుపు కోటావిడకి ఉద్యోగం పోయేలా ఉందట, నెస్. అందుకే. నన్ను క్షమించమని అడగను.

ఈ కాగితం నీకంటే ముందు ఇంకొకరు చదువుతారుగా. ఇక్కడినుంచి వాళ్ళకే రాస్తున్నా.

అయ్యా, అమ్మా, మీరెవరో నాకు తెలీదు. మీరు నన్ను బాగా చదివారు. మా అమ్మ కూడా అంత శ్రద్ధగా చదవదు. నేను అల్లిన నాలుగు ముక్కలు చదివి మీరు వెంటనే నమ్మారు, పైకి పంపారు, పన్నెండుమందిని ఇంటికి పంపారు. పైన రాసింది నిజం. ఇది కూడా పైకి పంపుతారా?

విల్ఫ్