భారతీదేవి గారికి చేరవలసిన కుర్చీ

జగ్గయ్యపేటలో కాపురముంటున్న షేక్ ఫక్రున్నీసా అను నేను, కాలం చేసిన లారీ డ్రైవరు షేక్ ఖాజావలి గారి భార్యని, వయసు 74, ఐదో తరగతి దాకా చదివి, నా చేత్తో నేనే రాసుకున్న వీలునామా. షుగరు, బీపీ ఉన్నాయి గాని తలకాయ సరిగానే ఉంది. నన్నెవరూ బలవంతపెట్టలేదు. పెట్టింది నా భయమే.

1. ఇల్లు మా ధర్మం ప్రకారం అబ్బాయి హారూన్‌కి రెండు వంతులు, అమ్మాయి షమీమ్‌కి ఒక వంతు. మోటారు స్విచ్చి తడిచేత్తో వేయొద్దు, షాకు కొడుతుంది.

2. కమ్మలు షమీమ్‌కి ఇప్పటికే ఇచ్చేశా, ఎవరూ అడగొద్దు. ఎడమదానికి రాయి వదులు. పెట్టుకుని బస్సెక్కొద్దు.

3. బిర్యానీ వండే పెద్ద దేగిసా కోడలు జాకియాకి. గ్యాస్ కట్టానో లేదో ఐదుసార్లు చూస్తానని పుట్టింట్లో చెప్పి నవ్వింది. నవ్వనీ. నేను పోయాక ఎవరో ఒకరు చూడాలి కదా, నువ్వే చూడు తల్లీ.

4. నగిషీలు చెక్కిన టేకు కుర్చీ. చేతుల మీద సింహం మొహాలు, వీపు మీద చిలకలు, ఒక చిలకకి ముక్కు లేదు. నిఖాలో నాకు ఇస్తానని ఒప్పుకున్న మెహర్ కింద మా ఆయన ఇచ్చారు కాబట్టి ఇది నా ఒక్కదానిదే. దీన్ని నందిగామలో ఉంటున్న భారతీదేవి గారికి రాస్తున్నా. ఎందుకో కూడా రాయాలి.

ఎనభై మూడులో నందిగామలో ఆవిడ తండ్రి రత్తయ్య గారు పోతే అప్పుల కింద ఇంటి సామాను వేలం వేశారు. బెజవాడ నించి వస్తూ మేము లారీ ఆపుకుని చూశాం. అక్కడొక కట్టుంది. ఆ ఇంటి ఆడబిడ్డ పాట పాడితే ఆపైన ఇంకెవరూ పాడరు. భారతీదేవి ఈ కుర్చీకి పాడింది, అందరూ ఊరుకున్నారు. మా ఆయన ఒక్కరే పైపాట పాడారు. ఆ పిల్ల చేతిలో అంతకి మించి లేదు, తల దించుకుంది.

ఆయన గరికపాడు మనిషి, ఆ కట్టు తెలీదు. పిల్లలూ, ఇన్నేళ్ళూ మీకు అదే చెప్పా. కాని నాకు తెలుసు. మీ ఆయన్ని ఆపమ్మా అని పక్కనున్నావిడ నా చెవిలో చెప్పింది. చొక్కా పట్టి లాగితే ఆగేవారు. లాగలేదు. ఆ సింహాల మీద నాకు ఆశ పుట్టింది.

కుర్చీ లారీ ఎక్కిస్తుంటే ఆ పిల్ల నా దగ్గరికొచ్చింది. "మా నాన్న కుర్చీ అక్కా. వానాకాలం చెదలు పడుతుంది, కాస్త కిరసనాయిలు రాస్తుండు" అంది. తిట్టినా నాకింత భయం ఉండేది కాదు.

మనిషికి చేసిన అన్యాయం ఆ మనిషే మాఫ్ చేయాలంట, అల్లా కూడా చేయడంట. మౌల్వీ గారు చెప్పిన కాడ్నించి ముద్ద దిగట్లేదు. అల్లా లెక్కలడిగే ఖయామత్ రోజు ఆవిడ నా కొంగు పట్టుకుంటే ఏం చెప్పను?

5. కుర్చీని ఆటోలో నిలబెట్టి తీసుకెళ్ళండి, పడుకోబెడితే కాలు విరుగుతుంది. వాన పడితే పట్టా కప్పండి. ఆవిడ వద్దంటే గుమ్మంలో దించి వచ్చేయండి. మా అమ్మ ఆపలేదు, మాఫ్ చేయమంది అని హారూన్ స్వయంగా చెప్పాలి.

6. ఇవన్నీ జరిపించే బాధ్యత పక్కింటి డేవిడ్‌రాజు గారిది. ఇందాకటి దాకా రాసింది ఆయన చదివి, ఇది మీరు పోయాకే పనికొస్తుందమ్మా, బుధవారం బండిని ఆపలేదు అన్నారు. పాత సామాను వేలం వేసే హైదరాబాదు వాళ్ళకి హారూన్ ఈ కుర్చీ ఫొటోలు పంపి మాటిచ్చేశాడు, బుధవారం వాళ్ళ బండి వస్తుంది. వద్దురా అంటే ఎందుకంటాడు. ఎందుకో చెప్పలేక మూడు రోజుల నించి నీళ్ళు నములుతున్నా.

కాబట్టి డేవిడ్‌రాజు గారూ, ఈ కాగితం బీరువాలో పెట్టకండి. ఇవాళే హారూన్ చేతికివ్వండి. వాడు నన్ను ఎట్లా చూస్తాడో తెలీదు. నలభై ఏళ్ళలో నేను ఈ కుర్చీలో కూర్చోలేదు, ధైర్యం చాల్లేదు. ఇవాళ కూర్చునే రాశా. వాడు చివరిదాకా చదివి ఆటో పిలిచేదాకా లేవను.

జగ్గయ్యపేట, 18-11-2024, సోమవారం.

(సంతకం) షేక్ ఫక్రున్నీసా

ఆమె మా ఎదుటే సంతకం చేశారనుటకు సాక్షులు:
1. డేవిడ్‌రాజు, రిటైర్డు పోస్టుమాస్టరు
2. బసవయ్య, కిరాణా కొట్టు