ఖాళీ కుర్చీలో సాక్షి

నిజామాబాద్, మే 1974

చి॥ పురుషోత్తానికి ఆశీస్సులు.

కోర్టులకు వేసవి సెలవులు కదా అని నువ్వూ నిద్రపోతే కుదరదు. లా కాలేజీలో చదవడం వేరు, సాక్షిని ప్రశ్నించడం వేరు. నేను మా అమ్మాయి ఇంట్లో మామిడిపండ్లు తింటున్నన్నాళ్లూ నువ్వు పత్తర్‌గట్టిలో మన ఆఫీసు తెరిచి సాధన చెయ్యి. అల్మారా మీది ఎర్రగుడ్డ మూటలో పాత కేసులున్నాయి. ఒకటి తీసి, కోర్టు జవానులాగా సాక్షి పేరు మూడుసార్లు గట్టిగా పిలువు. ఎదురుగా ఖాళీ కుర్చీ వేసుకుని ప్రశ్నలడుగు. సెలవులయ్యేలోగా చేయి తిరిగితే నిన్ను జూనియర్‌గా పెట్టుకుంటాను. లేదంటే మీ నాన్న బేగంబజార్ గిన్నెల దుకాణం ఉండనే ఉంది.

ఇట్లు,
ఆనందరావు, వకీలు

తా.క. కుర్చీయే కదా అని మర్యాద తగ్గించకు. కొందరు జడ్జీలూ అలాగే ఉంటారు.

పత్తర్‌గట్టి

పూజ్యులైన వకీలు గారికి పురుషోత్తం నమస్కారాలు.

మనుషులను ఏర్పాటు చేసి ఖాళీ కుర్చీ అన్నారేమండీ? "ఖైసర్ బేగం హాజిర్ హై?" అని మూడోసారి పిలవగానే ఒక ముసలమ్మ వచ్చి కూర్చుంది. మెట్ల మీద అడుగుల చప్పుడు వినలేదు. ఇంటి గోడ తగాదాలో ఆమె వాది. నేను ప్రశ్నలు మొదలుపెడితే, "ఏంది బేటా, గిట్ల అడుగుతే జడ్జి నవ్వుతడు. గోడ ఎప్పుడు కట్టిండ్రో ముందుగాల అడుగు" అంది. ఛాయ్ ఇస్తే ముట్టలేదు. సాయంత్రం దాకా కప్పులోంచి ఆవిరి లేస్తూనే ఉంది.

మర్నాడు ప్రతివాది బసవయ్యను పిలిస్తే అతనూ వచ్చాడు. ఆరువేళ్ల ఎడమ చేయి ఊపుతూ గోడ తనదేనని లొల్లి. ఇంత ఎండల్లో కూడా ఆఫీసు చల్లగా ఉంది, దుప్పటి కప్పుకుని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మీ శిష్యుడు,
పురుషోత్తం

తా.క. వీళ్లు ఇళ్లకు పోవడం లేదు. కూలి రోజుకు మాట్లాడారా, నెలకా?

నిజామాబాద్

చి॥ పురుషోత్తానికి,

నీ ఊహకు ముచ్చటపడి సగం దాకా నవ్వుతూ చదివాను. ఆరువేళ్ల దగ్గర నవ్వు ఆగింది. ఆ సంగతి నిజమే, కానీ ఏ కాగితంలోనూ లేదు. నేనెవరినీ పంపలేదు నాయనా. ఎర్రగుడ్డలోవి కక్షిదారులు చనిపోయి మూతపడిన కేసులు.

పిలిపించిన సాక్షిని విడిచిపెట్టే దాకా కదలకూడదన్నది కోర్టు పద్ధతి. నువ్వు ఆ మాట అనలేదు, వాళ్లు కూర్చున్నారు. ఒక్కొక్కరినీ పేరుపెట్టి, "మీ గవాహీ, సాక్ష్యం అయిపోయింది, మీరు వెళ్లవచ్చు" అను. కొత్తగా ఎవరినీ పిలవకు. నాకూ భయంగానే ఉంది.

ఇట్లు,
ఆనందరావు

తా.క. మా అమ్మాయికి నామీద కోపమేమిటో, నిన్నటి నుంచి పలకరించినా పలకదు, ఊరికే ఏడుస్తోంది. ఇంటినిండా చుట్టాలు. మామిడిపండ్లన్నీ గోడ దగ్గర పేర్చారు, నా చేతికి ఒక్కటీ ఇవ్వరు.

పత్తర్‌గట్టి

పూజ్యులైన గురువు గారికి,

మీ ఉత్తరం అందేలోపే తప్పు చేశాను. జవాబు రాలేదని దిగులుపడుతుంటే ఖైసర్ బేగం, "ఫికర్ ఎందుకు బేటా, మీ వకీల్ సాబ్‌ను గూడ పిలువు" అంది. తమాషాకు మీ పేరు మూడుసార్లు పిలిచాను. మీరు వచ్చి కూర్చున్నారు. రైలు దిగి నేరుగా వచ్చారనుకుని సంతోషంగా ఛాయ్ ఇచ్చాను. ఆ కప్పులోంచి ఇంకా ఆవిరి లేస్తోంది.

తర్వాత మీ ఉత్తరం వచ్చింది, స్టాంపు లేకుండా. ఆ వెనకే మీ అమ్మాయి గారి టెలిగ్రాం. చదివి చాలాసేపు ఏడ్చాను.

ఖైసర్ బేగాన్నీ బసవయ్యనూ మీరు చెప్పినట్టే పంపేశాను. మీతో ఆ మాట నోటితో అనలేక ఇది రాసి మీ ముందే పెడుతున్నాను. నన్ను జూనియర్‌గా తీసుకున్నానని మీరనే దాకా మిమ్మల్ని పంపను.

మీ పురుషోత్తం

తా.క. తొందరేమీ లేదు. ఆలోచించుకునే చెప్పండి.

అదే కాగితం వెనక

చి॥ పురుషోత్తానికి,

తీసుకున్నాను. ఇక ఆ మాట అను.

ఆనందరావు

తా.క. కక్షిదారు ఏడ్చినా వకీలు ఏడవకూడదు. అది రేపు నేర్పుదామనుకున్నాను.