సగం ఊపిరిపై తీర్మానం

అక్కా,

నువ్వు పోయి నేటికి మూడేళ్లు. చర్చి గాయకబృందం కార్యదర్శి హోదాలో నీకొక సవరణ తెలియజేస్తున్నాను.

పాట మధ్యలో పదేపదే ఊపిరి తీసుకుంటున్నావని నిన్ను బృందం నుంచి తప్పించినప్పుడు, మినిట్స్ పుస్తకంలో కారణం "అలసత్వం" అని రాసింది నేనే. నీకున్న లూపస్, ఒంటి రక్షణశక్తే ఒంటి మీద తిరగబడే ఆ జబ్బు, అంటే ముఖం మీద మచ్చలు, కీళ్ల నొప్పులు అని మాత్రమే మనకు తెలుసు.

"నాటకాలు బంద్ చెయ్యక్కా, పాటంత ఖరాబైతాంది" అన్నాను.

"లోపలికి పోతలేదే చెల్లె" అన్నావు. అది మినిట్స్‌లో నమోదు కాలేదు.

నిన్న సారపాక నుంచి ఖమ్మం వెళ్లి డాక్టరమ్మకు చూపించుకున్నాను. నాకూ లూపసే. అరుదుగా అది ఊపిరి తీసుకునే కండరాన్ని బలహీనపరుస్తుందట. ఊపిరితిత్తులు శుభ్రంగానే ఉంటూ కుంచించుకుపోతాయట.

"మీ అక్కకు గూడ గిట్లనే అయ్యుండొచ్చమ్మా" అన్నది.

ఛాతీ సగం నిండగానే ఊపిరి ఆగిపోతోంది. మిగతా సగానికి అనుమతి లేదు. వెల్లకిలా పడుకుంటే ఆ సగమూ రద్దే. మొన్న ఆదివారం పాటలో నాలుగుసార్లు ఆగాను. నా మీద ఇంకా తీర్మానం రాలేదు, పుస్తకం నా దగ్గరే ఉంది కనుక.

నీ మీది తీర్మానాన్ని ఇందుమూలంగా ఉపసంహరిస్తున్నాను.

నువ్వూ నాలాగే గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయేదానివా అక్కా? మనిద్దరిదీ ఒకే గది. నేనెప్పుడూ అటు తిరిగి చూడలేదు.