నాలుగింటికే పడుకునే ఇల్లు

పూజ్యులైన మామయ్యగారికి,
మీ మేనల్లుడు సాష్టాంగపడి, ఇంకా లేవకుండానే రాయునది.

జరిగినవాటికి, జరుగుతున్నవాటికి, ఈ ఉత్తరం మీకు చేరేలోపు జరగబోయేవాటికి ముందుగానే బేషరతు క్షమాపణ. ఎండ తగ్గినందుకు, మబ్బు పట్టినందుకు, పావురాలు ఊరంతా వదిలి మన సోలార్ పలకల మీదే వాలుతున్నందుకు కూడా. ఆడిట్ పని మీద బయల్దేరుతూ మీరు "ఫోన్ చెయ్యకు, ఫోనులో నవ్వుతావు, ఉత్తరం రాయి" అన్నారు కాబట్టి ఈ శ్రమ.

సంగతేమిటంటే, రోజూ సాయంత్రం నాలుగింటికి హాల్లో టీవీ, ఫ్యాను, లైటు ఒక్కసారిగా ఆగిపోతున్నాయి. అది అత్తయ్య సీరియల్ వేళ. నిన్న కోడలు "ఈ బిడ్డకు తండ్రి ఎవరంటే" అని నోరు తెరిచింది, టీవీ కన్ను మూసింది. అత్తయ్య నావైపు చూసిన చూపు, ఆ తండ్రిని నేనే అన్నట్టుంది. మళ్ళీ రాత్రి పదకొండింటికి, అందరం పడుకున్నాక, అన్నీ వాటంతటవే లేచి కూర్చుంటున్నాయి.

మీ ఆజ్ఞలన్నీ పాటిస్తున్నాను. మిక్సీ ఎండ ఉన్నప్పుడే, ఇస్త్రీ ఎండ ఉన్నప్పుడే.

ఇట్లు,
మీ నమ్మకానికి పాత్రుడు (కావాలని ప్రయత్నిస్తున్నవాడు)

తా.క. రాత్రి టీవీ దానంతటదే అరిస్తే అత్తయ్య దయ్యమనుకుని కర్ర పట్టుకుని వచ్చింది. దారిలో నేను తగిలాను.

*

చిరంజీవి మేనల్లుడికి,
మామయ్య ఆశీస్సులు, కొద్దిగా.

నీ క్షమాపణ రెండుసార్లు చదివాను. అందులో పావురాలు ఉన్నాయి, నువ్వు లేవు. సాయంత్రానికే హాలు ఆగిపోతోందంటే పగలు బ్యాటరీ నిండడం లేదన్నమాట. పలకల మీద దుమ్ము పేరుకుని ఉంటుంది. తడిగుడ్డతో తుడువు.

ఇన్వర్టర్‌లో నేను పెట్టిన వేళలు పక్కాగా ఉన్నాయి. గీజర్ మధ్యాహ్నం పన్నెండింటికి. హాలు రాత్రి పదింటికి బంద్, తెల్లవారి ఐదింటికి మళ్ళీ మొదలు. లేకపోతే మీ అత్తయ్య రాత్రంతా సీరియళ్ళు చూస్తుంది. అందులో తప్పులు వెతక్కు.

ఇట్లు,
మామయ్య

తా.క. బయల్దేరే ముందు పొద్దున్నే వేడినీళ్ళు కావాలని గొణిగావు. విన్నాను. వయసులో ఉన్నవాడికి చన్నీళ్ళు చాలు.

*

పూజ్యులైన మామయ్యగారికి,
తడిగుడ్డ భుజాన వేసుకుని మేనల్లుడు రాయునది.

పలకలు తుడిచాను. శ్రద్ధ ఎక్కువై షాంపూ కూడా పెట్టాను. మొదట వాలిన పావురం జారుతూ వెళ్ళి పిట్టగోడకు తగిలింది. ఇప్పుడు పలకల్లో ముఖం చూసుకోవచ్చు. నేను చూసుకున్నాను. చదువుకున్నవాడిలాగే ఉన్నాను.

అయినా నాలుగింటికి టీవీ పోయింది. ఇక మిగిలిన అనుమానితుడు పక్కింటి డ్రిల్లు మాస్టారి జామచెట్టు. పొద్దువాలేసరికి దాని నీడ మనవైపు వంగి వంగి వస్తోంది. నడకలోనే దొంగతనం కనిపిస్తోంది.

ఇట్లు,
మీ ఆంతరంగిక గూఢచారి

తా.క. చన్నీళ్ళ గురించి మీరన్నది నిజం మామయ్యా. ఈమధ్య పొద్దున్నే స్నానం చేసి వస్తుంటే ఒంట్లో ఏదో వెచ్చదనం.

*

చిరంజీవి మేనల్లుడికి,

చెట్టే. నాకు ముందునుంచీ అనుమానమే. ఆదివారం దాన్ని కొట్టించెయ్యమని మాస్టారికి ఈ టపాలోనే రాశాను. కాలం చేసిన వాళ్ళావిడ తన చేత్తో నాటిన చెట్టని తెలుసు. ఆ నీడన కూర్చునే మాస్టారూ నేనూ ఏళ్ళతరబడి పేపరు పంచుకుని చదివాం. ఆ ఉత్తరం రాయడానికి నాకు ఒక పూట పట్టింది. కానీ లెక్క లెక్కే.

ఇట్లు,
మామయ్య

తా.క. కొట్టేటప్పుడు మాస్టారి పక్కన నిలబడు. నవ్వకు.

*

మామయ్యగారికి,

ఈసారి క్షమాపణలో నేనూ ఉన్నాను.

శనివారం ఆఫీసు నుంచి వస్తుంటే మాస్టారు చెట్టు మొదట్లో కూర్చుని ఉన్నారు. కాయలన్నీ కోసి బుట్టలో పెట్టారు, కొమ్మకు తాడు కట్టారు. మీ ఉత్తరం జేబులో ఉంది. "మీ మామయ్య ఊరికే అడిగే మనిషి కాదురా. మీ అత్తయ్య చీకట్లో కూర్చుంటే నాకీ నీడెందుకు" అన్నారు. మీరు చెప్పకపోయినా నాకు నవ్వు రాలేదు.

మర్నాడు చెట్టు కొట్టేవాడు గొడ్డలి పట్టుకుని వచ్చాడు. నాలుగింటిదాకా ఆగమని బతిమాలి మేడ ఎక్కాను. చెట్టు నీడ నీళ్ళ ట్యాంకు మీద పడింది. పలకల జోలికే రాలేదు. కింద టీవీ మాత్రం టక్కున ఆగింది.

దిగి వచ్చి ఇన్వర్టర్ ముందు నిలబడ్డాను. బ్యాటరీ కడుపునిండా తిని కూర్చుని ఉంది. అప్పుడు దాని గడియారం చూశాను. మనకు సాయంత్రం నాలుగైతే దానికి రాత్రి పది. మీ ఆజ్ఞ ప్రకారమే హాలు ఆర్పేస్తోంది పాపం. మనకు రాత్రి పదకొండింటికి దానికి తెల్లవారి ఐదు, అందర్నీ లేపుతోంది.

పరుగెత్తుకెళ్ళి మాస్టారికి చెప్పాను. దగ్గొచ్చేదాకా నవ్వి, తాడు విప్పి, ఒక జామపండు నా చేతిలో పెట్టి, మీకు మాత్రం నన్నే రాసుకోమన్నారు. ఆయనకు మీరు ఇంకో ఉత్తరం రాయండి. అందులో లెక్కలు వద్దు.

అత్తయ్య తిట్టలేదు. ఆ బిడ్డకు తండ్రెవరో కనుక్కుని వస్తేనే అన్నం పెడతానంది. వీధిలో నాలుగిళ్ళు తిరిగాను. ఒక్కో ఇంట్లో ఒక్కో పేరు చెప్పారు.

ఇట్లు,
చన్నీళ్ళకు తిరిగి అలవాటు పడుతున్న మీ మేనల్లుడు

తా.క. మామయ్యా, ఎండను నేను తగ్గించలేదు. మబ్బును నేను పిలవలేదు. పావురాలతో నాకు పూర్వపరిచయం లేదు. నేను చేసింది ఒక్కటే. మీరు రైలెక్కిన మర్నాడు, పొద్దున ఆరింటికే గీజర్ వెలగాలని, మీరు పెట్టిన వేళలు ముట్టుకోకుండా, ఇన్వర్టర్ గడియారాన్ని ఆరు గంటలు ముందుకు తిప్పాను.