మూడేసి సెకన్ల సున్నాలు

షోళింగనల్లూరు, జూన్ 3

గౌరవనీయులైన శేషాద్రి సార్‌కి,

నమస్కారం. మీరిచ్చిన పవర్ మీటర్ సైకిలుకి బిగించాను. నా కాళ్ళు ఎంత బలం వేస్తున్నాయో సెకను సెకనుకీ వాట్లలో చూపిస్తోంది. అరగంట తొక్కిన గ్రాఫు జతచేశాను. ఈ నెల 22, ఆదివారం గంటసేపు తొక్కే పరీక్షలో సగటున నూట యాభై వాట్లుంటేనే క్లబ్బు జట్టులో చోటన్నారు. నాకు వస్తుందా?

మీ శిష్యురాలు,
కౌముది

తా.క. ఫోన్లో గీతలు చీమల్లా కనబడతాయన్నారని పోస్టులో పంపుతున్నాను.

పెరంబూరు, జూన్ 7

చి. కౌముదికి ఆశీస్సులు.

సగటు నూట నలభై తొమ్మిది. ఒక్క వాటు తక్కువమ్మా! ఎందుకో తెలుసా? మూడుచోట్ల మూడేసి సెకన్లు సున్నా. గుడి కనబడితే కాళ్ళు ఆపి చెంపలేసుకుంటా ఉండావా? సామి ఏడికీ పోడు. ఈసారి ముప్పావుగంట తొక్కు.

శేషాద్రి

తా.క. రెండేళ్ళ కింద పోయిన మా ఇంటామె అమ్మణికీ ఇదే అలవాటు. వెనక లారీ హారన్ కొడతా ఉన్నా సరే, పిళ్ళైయార్‌కి, అదే మన వినాయకుడికి, చెంపలేసుకోవాల్సిందే.

షోళింగనల్లూరు, జూన్ 13

సార్‌కి నమస్కారం.

నేనెక్కడా ఆపలేదు. నా సైకిలు తొమ్మిదో అంతస్తు బాల్కనీలో, స్టాండు మీద ఉంది. చక్రం తిరుగుతుంది గానీ సైకిలు కదలదు. కొత్త గ్రాఫు చూడండి. ఆ మూడు సున్నాలూ దాదాపు అవే నిమిషాల్లో వచ్చాయి. తర్వాత ఇంకో రెండు.

కౌముది

తా.క. మీటరు కొత్తదే కదా, సార్?

పెరంబూరు, జూన్ 19

కౌముదీ,

కొత్తది కాదమ్మా. అమ్మణి సైకిలుది. తుడిచి డబ్బాలో పెట్టి, కొత్తదని చెప్పి ఇచ్చినా. నీ వాట్లని కిలోమీటర్లుగా లెక్కగట్టి, మీ గేటు కాడి నుంచి మా ఇంటి దాకా తొక్కి చూసినా. సున్నా వచ్చిన ప్రతిచోటా ఆడ ఒక గుడి. అయిదూ సరిపోయినాయి. ఆరో గుడి మా వీధి మొదట్లో. ఈ లెక్కన గంట లోపల మా వాకిలే. ఆదివారం గంట పరీక్ష వద్దు. జట్టు సంగతి వచ్చే ఏడు చూసుకుందాం.

శేషాద్రి

తా.క. తన సైకిలు ముట్టొద్దని చెప్పి పోయింది. ఆమె కోపం నీకు తెలీదు.

షోళింగనల్లూరు, జూన్ 23

సార్‌కి నమస్కారం.

మీ ఉత్తరం ఇవాళే అందింది. నిన్ననే తొక్కేశాను. ఆరో సున్నా వచ్చింది. యాభై ఎనిమిదో నిమిషంలో ఏడోది. అది మూడు సెకన్లతో పోలేదు. నేను చివరిదాకా తొక్కుతూనే ఉన్నాను, గీత మళ్ళీ లేవలేదు. అయినా సగటు సరిగ్గా నూట యాభై. ఈ చోటు నాదని చెప్పుకోవచ్చా, సార్?

కౌముది

తా.క. అప్పుడు ఉదయం ఏడుంబావు. మీ తలుపు ఎవరైనా తట్టారా?

పెరంబూరు, జూన్ 26

చి. కౌముదికి ఆశీస్సులు.

చోటు నీదే. భయపడొద్దు. అమ్మణి కాళ్ళు ఆపిందే గానీ, నీకు ఒక్క వాటు కూడా సాయం చేయలేదంట.

శేషాద్రి

తా.క. కొత్తదని అబద్ధం చెప్పినందుకు ఆదివారం నుంచీ చెంపలేసుకుంటానే ఉండా. ఆమె ఇంకా చాలు అనలేదు.