ఎండమ్మ దాచిన వాన

ఊరంతా ఎండమ్మ అని పిలిచే ఆకాశం ఆఫీసు ఉద్యోగినినైన నేను, పూర్తి స్పృహతో, ఎవరి బలవంతమూ లేకుండా రాస్తున్న వీలునామా ఇది. నా మతి స్థిమితంగా ఉందనడానికి డాక్టరు సర్టిఫికెట్టు అక్కర్లేదు. మా ఆఫీసు కుర్చీలో కూర్చున్న మనిషి మనసెలా ఉంటే ఊరి మీద వాతావరణం అలా ఉంటుంది. ఆ కుర్చీలో కూర్చునే రాస్తున్నాను. కిటికీ తీసి చూడండి, మబ్బు తునక లేదు.

1. నా కొడుక్కి నా గొడుగు. ఇంకేమీ లేదు. వాళ్ళ నాన్న పొద్దున్నే పోతే, "డ్యూటీ దిగాక అమ్మకు చెబుదాంలే" అన్న మహానుభావుడు వీడే. కుర్చీలో ఉన్నవాళ్ళకు చెడు కబురు చెప్పకూడదన్నది ఆఫీసు నియమం, నిజమే. కానీ ఆ రోజు వీడి కొత్త షాపు ప్రారంభం. అతిథులకు ఆరుబయట కుర్చీలు వేయించాడు, అదీ అసలు సంగతి. ఇంట్లో తండ్రి శవం ఉండగా, ఏమీ తెలియని నా చేత సాయంత్రందాకా ఎండ కాయించుకున్నాడు. ఏ ఎండకా గొడుగు పట్టడం వాడికి పుట్టుకతో వచ్చిన విద్య.

2. సూపరింటెండెంటుగారికి ఆయనిచ్చిన పతకం. మర్నాడే నాచేత ఏడుపు రాని మాత్ర మింగించి, మళ్ళీ కూర్చోబెట్టి, దాని మీద "కర్తవ్యదీక్ష" అని చెక్కించారు. అప్పటినుంచి రోజూ అదే మాత్ర. పతకం బరువైనదే. ఈదురుగాలికి తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టుకోవచ్చు.

3. మా అమ్మాయికి ఇల్లు, వాళ్ళ నాన్న కళ్ళజోడు, బీటవారిన కప్పు. ఆ కప్పు ఆయన అతికించిందే. టీ కారుతుంది, అయినా పారేయకు. ఆ రోజు నాకు చెప్పాలని చెప్పుల్లేకుండా ఆఫీసుకు పరిగెత్తింది నువ్వొక్కదానివే. గేటు దగ్గర ఆపేశారు. మీ నాన్న కోసం ఈ ఊళ్ళో ఒక్క చినుకు పడలేదని నాతో మాటలు మానేశావు. నీ కోపం సబబే.

4. కుర్చీ మనిషి పోతే ఒక్క రోజు వాతావరణం ఆ మనిషి ఇష్టం. ఇంతవరకు అందరూ బుద్ధిగా లేత ఎండే అడిగారు, దద్దమ్మలు. నా రోజు కోసం నేను మొన్న మాత్ర మానేసి, కుర్చీకి తగిలించిన యంత్రం నుంచి ఆకాశానికి వెళ్ళే తీగ పీకేసి, ఆయన్ని తలుచుకుంటూ కూర్చున్నాను. ఆ ఏడుపంతా ఆ యంత్రంలోనే దాచాను. దాని తాళంచెవి అమ్మాయికి. ఎప్పుడు తిప్పాలో నీ ఇష్టం. మీ అన్నయ్య రెండో షాపు తెరిచే రోజు కనుక్కుని తిప్పినా నాకు అభ్యంతరం లేదు.

ఊరంతా తలుపులు బిగించుకోనీ. నువ్వు మాత్రం తడువు తల్లీ. అది మీ నాన్న కోసం కురవాల్సిన వాన.

తేదీ: ఎండాకాలం ఆఖరి సోమవారం

సంతకం: ఎండమ్మ

సాక్షులు:
పక్కింటి దర్జీ.
ఆఫీసు గేటు కాపలాదారు. ఆ రోజు అమ్మాయిగారిని ఆపింది నేనే. ఈసారి గేటు తీస్తాను.