రాంచీకి పాసు

బిలాస్‌పూర్, రైల్వే క్వార్టర్లు

మావయ్యగారికి, మనస్తత్వశాస్త్రం చదివి చెడిన మేనల్లుడి విన్నపం.

అమ్మకు మతి పోయిందని రాంచీ పిచ్చాసుపత్రికి పాసు రాయిస్తున్నారట. కాస్త ఆగండి. నాన్న ఇంజను ఈల వినగానే అన్నం వార్చడం ఆవిడకు ఇరవయ్యేళ్ల అలవాటు. బిల్హా దగ్గర ఇంజను మీంచి పడి నాన్న పోయినా, అదే ఇంజను కొత్త డ్రైవరు చేతిలో రోజూ కూస్తోంది. అమ్మ రోజూ, "మీ నాన వచ్చేస్తన్నాడు, పీటెయ్‌రా" అంటోంది.

గంట కొట్టి తిండి పెడుతూ ఉంటే గంటకే కుక్కకు నోరూరుతుందనీ, తిండి మానేస్తే కొన్నాళ్లకు ఆ గంటను మరిచిపోతుందనీ మా పుస్తకం. అమ్మ ఆ పుస్తకం చదవలేదు.

నేను చదివాను. నిన్న అమ్మ నిద్రలో ఉండగా ఈల వినిపించింది. పీట వేసి, చెంబుతో నీళ్లు పెట్టి, వాకిట్లో ఎదురుచూసింది నేను.

పాసు ఇద్దరికి రాయించండి.

మీ మేనల్లుడు